బి-కణము మేల్కొనుట ఎట్లు?

సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ రెవెన్యూ డివిజనుకు చెందిన మనూర్ గ్రామము మంజీరా నదికి చేరువలో ఉన్నది. అచ్చటి ఉన్నత పాఠశాలలో చదువుకొను ఒక బాలునికి వానకాలములో జ్వరము వచ్చినదనుకొందము. మూడు దినములైనను జ్వరము తగ్గకపోగా తండ్రి అతనిని నారాయణఖేడుకు తీసికొనిపోవును. అచ్చట రక్తము తీసి వైడల్ పరీక్ష చేయుదురు. టైఫాయిడు లేదని కాగితము వచ్చును. జ్వరము విడువదు. వారము గడచిన పిమ్మట మరల అదే పరీక్ష చేయింపగా ఈసారి టైఫాయిడు ఉన్నదని వచ్చును. ఇంటిలోనివారు మొదటి పరీక్ష చేసినవారిని తప్పుపట్టుదురు. కాని ఆ రెండు కాగితములును నిజమే చెప్పియుండవచ్చును. మొదటి దినములలో బాలుని రక్తమందు ఆ పరీక్ష వెదకు పదార్థము చాలినంత లేదు. వారము తరువాత ఉన్నది. ఈ నడుమ శరీరము లోపల ఒక చిన్న కణము నిద్ర మేల్కొన్నది. అది మేల్కొనుటకు అంత కాలము ఏల పట్టినదో తెలిసికొన్నచో, ఏడాది నిండని శిశువునకు పాత టైఫాయిడు టీకా ఏల పనిచేయలేదో, హైదరాబాదులో తయారైన క్రొత్త టీకా ఏల పనిచేయుచున్నదో కూడ తెలియును.

వైడల్ పరీక్ష పాతది. 1896లో పారిస్ నగరమందు ఫెర్నాండ్ వైడల్ అను వైద్యుడు దీనిని ప్రకటించెను. రోగి రక్తమును కొంతసేపు కదల్పక ఉంచినచో గడ్డ వేరుపడి, పైన లేత పసుపురంగు ద్రవము తేరును. దీనికి సీరము అని పేరు. ఈ సీరమును టైఫాయిడు సూక్ష్మజీవులు గల ద్రవములో కలిపినచో, అంతవరకు విడివిడిగా తేలుచున్న సూక్ష్మజీవులు ఒకదానికొకటి అంటుకొని, విరిగిన పాలవలె గుంపులు గుంపులుగా అడుగునకు దిగును. వానిని ఇట్లు కలిపి కట్టివేయు పదార్థములే ప్రతిరక్షకములు. ఇవి మాంసకృత్తుల జాతికి చెందినవి. ఒక్కొక్క ప్రతిరక్షకము పంగలకర్ర ఆకారములో ఉండును. పంగ యొక్క రెండు కొనలతో అది రెండు సూక్ష్మజీవులను పట్టుకొనగలదు. సూక్ష్మజీవిపై ఈ కొనలు పట్టుకొను గుర్తునకు ప్రతిజనకము అని పేరు. వైడల్ కాగితముపై కనబడు 'ఓ', 'హెచ్' అను అక్షరములు ఇట్టి రెండు ప్రతిజనకముల పేర్లు. మొదటిది టైఫాయిడు సూక్ష్మజీవి వెలుపలి పొరలోని చక్కెర గొలుసు. రెండవది ఆ జీవి ఈదుటకు ఉపయోగించు కొరడావంటి తోకలలోని మాంసకృత్తు. వీనిలో ఒకటి చక్కెర, మరియొకటి మాంసకృత్తు అను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఈ భేదము ముందుముందు మిక్కిలి అవసరము కానున్నది.

ప్రతిరక్షకములను తయారుచేయునవి బి-కణములు. ఇవి తెల్లరక్తకణములలో ఒక జాతి. మానవులలో ఇవి ఎముక మజ్జయందు పుట్టి పెరుగును. మజ్జకు ఆంగ్లములో గల పేరు 'బి' అను అక్షరముతో మొదలగుటచే, ఈ పేరు దానినుండియే వచ్చినదని విద్యార్థులు తలచుట కద్దు. నిజమునకు ఆ అక్షరము కోడి ఇచ్చినది. కోళ్లకు మలద్వారము వద్ద 'బర్సా' అను చిన్న సంచి ఉండును. అది ఎందులకో చిరకాలము ఎవరికిని తెలియలేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమందు బ్రూస్ గ్లిక్ అను విద్యార్థి ఈ సంచిని కోడిపిల్లలనుండి తొలగించి, వాని పెరుగుదలను పరిశీలించుచుండెను. తిమోతీ చాంగ్ అను మరియొక విద్యార్థికి, తరగతిలో ప్రదర్శించుటకై, సాల్మొనెల్లా సూక్ష్మజీవికి ప్రతిరక్షకములు కావలసివచ్చెను. టైఫాయిడు జీవియు ఈ సాల్మొనెల్లా కుటుంబములోనిదే. అతడు గ్లిక్ వద్ద కోళ్లను తీసికొని సూక్ష్మజీవి పదార్థమును సూదితో ఎక్కించెను. బర్సా తీసివేసిన కోళ్లలో ప్రతిరక్షకములు పుట్టలేదు! ప్రదర్శన చెడినది కాని ఒక గొప్ప సత్యము బయటపడినది. ఈ ఫలితమును పేరుపొందిన ఒక విజ్ఞాన పత్రిక తిరస్కరింపగా, 1956లో కోళ్లపెంపక శాస్త్రమునకు చెందిన పత్రికలో వారు దానిని ప్రచురించిరి. చాలకాలము దానిని చదివినవారు తక్కువ. బర్సా మొదటి అక్షరమే బి-కణమునకు పేరైనది. మానవునికి బర్సా లేదు. మజ్జయే ఆ పని చేయును. అక్షరము కలిసివచ్చుట కేవలము అదృష్టము.

మన శరీరములో బి-కణములు వేలకోట్ల సంఖ్యలో ఉన్నవి. ప్రతి కణము తన పొరపై సుమారు లక్ష గ్రాహకములను ధరించి తిరుగుచుండును. గ్రాహకము అనగా మరేమియు కాదు. ఆ కణము ముందుముందు తయారుచేయబోవు ప్రతిరక్షకము యొక్క మచ్చుతునకయే. ఒక కణముపై గల లక్ష గ్రాహకములును ఒకే ఆకారము గలవి. ప్రక్కనున్న కణముపై ఉన్నవి వేరొక ఆకారము గలవి. ఇన్ని ఆకారములు ఎచ్చటినుండి వచ్చినవి? తల్లిదండ్రులనుండి వచ్చు జన్యువులు కొన్ని వేలే గదా! ఈ చిక్కును జపాను శాస్త్రజ్ఞుడు సుసుము టొనెగావా విడదీసెను. గ్రాహకపు జన్యువు తునకలుగా ఉండుననియు, ప్రతి బి-కణము పెరుగునపుడు ఆ తునకలను తనకు తోచినట్లు ఏరి కూర్చుకొనుననియు ఆయన 1976లో చూపెను. దీనికే 1987లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. పేకముక్కలను ఎన్ని విధముల పంచవచ్చునో లెక్కించి చూచిన విద్యార్థికి ఇందలి కిటుకు వెంటనే బోధపడును.

కావున టైఫాయిడు సూక్ష్మజీవి మనూర్ బాలుని శరీరమున ప్రవేశింపక పూర్వమే, దాని తోకను పట్టుకొనగల బి-కణములు అతనిలో ఉన్నవి. శరీరము శత్రువును చూచి ఆయుధము చేసికొనదు. ముందే చేసి పెట్టుకొన్న అసంఖ్యాకమగు మచ్చులలో సరిపోవునది వృద్ధిపొందును. ఆస్ట్రేలియాకు చెందిన మాక్‌ఫర్లేన్ బర్నెట్ 1957లో ఈ సిద్ధాంతమును ప్రతిపాదించెను. మరుసటి సంవత్సరము నోసాల్, లెడర్‌బర్గ్ అనువారు ఒంటరి కణములను వేరుచేసి పరీక్షించి, ఒక్కొక్క కణము ఒకే రకపు ప్రతిరక్షకమును తయారుచేయునని చూపిరి. అయితే సరిపోవు కణము ఉన్నంతమాత్రమున చాలదు. అట్టిది లక్షలలో ఏ ఒకటియో ఉండును. శరీరమంతటిలో ఎచ్చటనో ఉన్న ఆ ఒక్క కణమును, ఎచ్చటనో ప్రవేశించిన ఆ ప్రతిజనకమును కలుసుకొనుట ఎట్లు?

దీనికి శరీరము చేసికొన్న ఏర్పాటు మన వారపు సంతను పోలియున్నది. చుట్టుప్రక్కల తండాలలోను, పల్లెలలోను దూరదూరముగా ఉండువారు సంతరోజున ఒకచోట చేరుదురు, వెదకుకొనువారు దొరకుదురు. లింఫు గ్రంథులు, ప్లీహము, చిన్నప్రేగుల గోడలలోని లింఫు కణముల గుంపులు ఇట్టి సంతలు. దవడ క్రింద, చంకలో, గజ్జలో బిళ్ల కట్టినదని పల్లెలలో అందురే, అది సందడిగా ఉన్న సంతయే. బి-కణములు రక్తములో తిరుగుచు ఒక్కొక్క గ్రంథిలో కొంతకాలము నిలిచి, తన ప్రతిజనకము కనబడకున్నచో లేచి మరియొక గ్రంథికి పోవును. సూక్ష్మజీవులును, వాని ముక్కలును లింఫు ద్రవములో కొట్టుకొని అచ్చటికే వచ్చును. టైఫాయిడు జీవి కలుషితమైన నీటితోను, ఆహారముతోను కడుపులోనికి పోయి, చిన్నప్రేగు గోడలోని ఇట్టి గుంపుల మీదుగానే లోపలికి చొచ్చుకొనును.

ఇప్పుడు అసలు ఘట్టము. తోకలోని మాంసకృత్తు బి-కణపు గ్రాహకములకు తగులుకొన్నది. ఒక్క గ్రాహకము తగులుకొన్న ఫలము స్వల్పము. పెక్కు గ్రాహకములు ఒకేసారి పట్టుకొని ఒకచోటికి దగ్గరగా లాగబడినపుడు కణములోపలికి సంకేతము బలముగా పోవును. రక్తములోని 'కాంప్లిమెంటు' అను సహాయక మాంసకృత్తులు సూక్ష్మజీవిపై అంటుకొనియున్నచో, బి-కణము మరింత తేలికగా కదలును. ఇది మొదటి సంకేతము. దీనితో కణము కొంత పెద్దదగును, మెలకువ తెచ్చుకొనును. కాని లేచి పనికి పూనుకొనదు.

రిజిస్ట్రేషను కచేరిలో భూమి అమ్మువాడు స్వయముగా వచ్చి దస్తావేజుపై సంతకము చేసినను సాక్షులు లేనిదే అచ్చట పని సాగదు గదా. బి-కణపు గ్రాహకము పట్టుకొనుట అట్టి మొదటి సంతకము. సాక్షి సంతకము వేరొక కణము చేయవలెను. అది టి-కణము. గుండెకు పైభాగమున, రొమ్మెముక వెనుక ఉన్న థైమస్ గ్రంథిలో పెరుగుటచే దానికా పేరు వచ్చినది.

సాక్షిని పిలుచుటకు బి-కణము చేయు పని మిక్కిలి విచిత్రమైనది. అది పట్టుకొన్న ప్రతిజనకమును గ్రాహకముతో సహా లోపలికి మ్రింగును. లోపల దానిని చిన్న చిన్న ముక్కలుగా నరుకును. ఆ ముక్కలను 'ఎం.హెచ్.సి.' అను పళ్లెమువంటి మాంసకృత్తుపై పెట్టి తన పొర వెలుపల ప్రదర్శించును. ఇట్లు పళ్లెములను ధరించి, గ్రంథిలో తన స్థానము వదలి, టి-కణములు నివసించు భాగపు సరిహద్దునకు నడచిపోవును. సరిగా ఆ సమయమునకే, అవే ముక్కలను గుర్తింపగల టి-కణము కూడ అటువైపునుండి వచ్చుచుండును. దానిని అంతకుముందే కొమ్మలవంటి చేతులు గల డెండ్రైటిక్ కణము మేల్కొలిపియుండును. ఈ డెండ్రైటిక్ కణములు చర్మములోను, ప్రేగులలోను కాపలా కాయుచు, సూక్ష్మజీవిని మ్రింగి గ్రంథికి మోసికొనివచ్చి టి-కణములకు చూపునవి.

సరిహద్దులో ఇరువురును కలిసికొందురు. టి-కణము పళ్లెములోని ముక్కను పరీక్షించి, తాను ఎరిగినదే అయినచో, తన పొరపైకి ఒక మాంసకృత్తును తెచ్చి బి-కణముపై గల 'సి.డి. 40' అను మరియొక మాంసకృత్తును తాకును. దానితోపాటు 'ఇంటర్‌ల్యూకిన్లు' అను రసాయనములను బి-కణముపై విడుచును. ఇది రెండవ సంకేతము. దస్తావేజు పూర్తియైనది. బి-కణము ఇప్పుడు నిజముగా మేల్కొన్నది.

ఇంత తతంగము ఏల? పేకముక్కలను కలిపి పంచినపుడు ఏ చేతికి ఏమి వచ్చునో తెలియనట్లే, గ్రాహకములను కూర్చునపుడు మన సొంత శరీరమునే పట్టుకొను గ్రాహకములు కూడ పుట్టును. వీనిలో పెక్కింటిని మజ్జయే నాశనము చేయును. అయినను కొన్ని తప్పించుకొని బయటపడును. పట్టుకొన్న ప్రతి కణమును తన ఇష్టానుసారము ప్రతిరక్షకములు తయారుచేయనిచ్చినచో శరీరము తనను తానే దెబ్బతీసికొనును. టి-కణములు వేరొకచోట, వేరొక పరీక్షకు లోబడి వచ్చినవి. ఇద్దరును విడివిడిగా చూచి 'ఇది పరాయిది' అని ఏకీభవించుట అరుదుగా తప్పగును. మొదటి సంకేతము వచ్చి రెండవది రాని బి-కణము మొద్దుబారిపోవును, లేదా చనిపోవును. రెండు సంకేతముల ఈ సిద్ధాంతమును బ్రెట్షర్, కోన్ అనువారు 1970లో ప్రకటించిరి. అంతకు ముందే 1966లో అమెరికాలో క్లామన్, 1968లో ఆస్ట్రేలియాలో మిల్లర్, మిచెల్ అనువారు ఎలుకలపై ప్రయోగములు చేసి, థైమస్‌నుండి వచ్చు కణములును, మజ్జనుండి వచ్చు కణములును కలిసినప్పుడే ప్రతిరక్షకములు సమృద్ధిగా పుట్టునని చూపియుండిరి.

మానవులలో ఈ ప్రయోగమును ప్రకృతియే కొన్నిచోట్ల చేసియున్నది. కొందరు మగశిశువులు పుట్టినప్పటినుండియు మాటిమాటికి తీవ్రమైన అంటురోగములకు గురియగుదురు. వారి రక్తములో బి-కణములు ఉన్నవి, టి-కణములును ఉన్నవి. ఐనను ఒక్క జాతి ప్రతిరక్షకమే కనబడును, తక్కినవి దాదాపు లేవు. 1993లో దీనికి కారణము తెలిసినది. సి.డి. 40ని తాకవలసిన ఆ టి-కణపు మాంసకృత్తునకు చెందిన జన్యువు వారిలో చెడియున్నది. ఈ జన్యువు 'ఎక్స్' క్రోమోసోముపై ఉండుటచే మగపిల్లలకే ఈ వ్యాధి ఎక్కువ. అన్ని కణములును ఉండి, ఒక్క స్పర్శ లోపించినచో ఎంత నష్టమో ఆ శిశువులను చూచిన వైద్యులకు తెలియును.

మేల్కొన్న బి-కణము విభజన చెందనారంభించును. ఒకటి రెండగును, రెండు నాలుగగును. పండ్రెండు గంటలకొక విభజన అనుకొన్నను, అయిదు దినములలో పది విభజనలు జరిగి ఒక్క కణము 1,024 కణములగును. వీనిలో కొన్ని వెంటనే ప్లాస్మా కణములుగా మారును. ప్లాస్మా కణము ఒక కర్మాగారము. అది సెకనుకు సుమారు రెండు వేల ప్రతిరక్షక అణువులను విడుచును. దినమునకు ఎన్ని అగునో విద్యార్థులు గుణించి చూడవచ్చును: 17 కోట్ల 28 లక్షలు. మొదట వచ్చునవి 'ఐ.జి.ఎం.' అను జాతివి. ఇవి ఐదు పంగలకర్రలను ఒకచోట కట్టినట్లుండును. పట్టు గట్టిది కాకున్నను పది కొనలు ఉండుటచే సూక్ష్మజీవులను గుంపు కట్టుటలో ఇవి దిట్టలు.

తక్కిన కణములు గ్రంథిలోనే నిలిచి అంకుర కేంద్రము అను ప్రత్యేకమైన గుంపుగా ఏర్పడును. దీనికి సుమారు వారము పట్టును. అచ్చట జరుగు పని మన రైతులు మేలైన విత్తనమును ఏరు పనివంటిది. విభజన చెందునప్పుడెల్ల బి-కణములు తమ గ్రాహకపు జన్యువులో బుద్ధిపూర్వకముగా అన్నట్లు తప్పులు చేసికొనును. ఇతర జన్యువులలో సహజముగా జరుగు తప్పులకంటె ఇవి సుమారు పదిలక్షల రెట్లు అధికము. పెక్కు తప్పులు హాని చేయును. కొన్ని గ్రాహకము పట్టును బిగించును. ప్రతిజనకము అచ్చట పరిమితముగనే ఉండును. పట్టు బాగుగా ఉన్న కణము దానిని ఎక్కువగా లాగుకొని, మ్రింగి, టి-కణమునకు చూపి, సహాయము పొంది బ్రదుకును. పట్టు లేనివి నశించును. ఈ కేంద్రములోను, అంతకు కొంచెము ముందును, కణములు ఐ.జి.ఎం. తయారు మాని 'ఐ.జి.జి.' వంటి ఇతర జాతులకు మారును. ఈ ఏరివేతలో నెగ్గిన కణములలో కొన్ని ఎముక మజ్జకు పోయి, సంవత్సరముల తరబడి ప్రతిరక్షకములను విడుచుచుండు ప్లాస్మా కణములగును. కొన్ని జ్ఞాపక కణములై, అదే సూక్ష్మజీవి మరల వచ్చినపుడు వారము కాచుకొనకుండ రెండు మూడు దినములలోనే పనికి దిగును.

ఇప్పుడు మనూర్ బాలుని కాగితములకు మరలి రావచ్చును. జ్వరము వచ్చుటకు ఒకటి రెండు వారములకు ముందే సూక్ష్మజీవి అతనిలో ప్రవేశించియుండును. అయినను అది శరీరపు కణములలోనే దాగుకొని, ఒక ముసుగు కప్పుకొని ఉండుటచే, ప్రతిజనకము ఎక్కువగా బయటపడుట ఆలస్యమగును. అటుపిమ్మట బి-కణములు మేల్కొని, విభజన చెంది, రక్తములో ప్రతిరక్షకములను నింపుటకు మరికొంత కాలము పట్టును. అందువలన సాధారణముగా జ్వరము మొదలైన వారము, పది దినములకు గాని వైడల్ పరీక్ష స్పష్టముగా తేలదు. మొదటి వారములో రక్తమును పోషక ద్రవములో ఉంచి సూక్ష్మజీవిని పెంచి చూచు పరీక్ష దీనికంటె నమ్మదగినది. ఇంకొక చిక్కు కూడ ఉన్నది. ఎన్నడో వచ్చిపోయిన టైఫాయిడు వలనను, దాని బంధువులగు ఇతర సూక్ష్మజీవుల వలనను పుట్టిన ప్రతిరక్షకములు వైడల్ పరీక్షను తప్పుదారి పట్టింపగలవు. ఒక్క కాగితమును పట్టుకొని మందులు మ్రింగుట గాని, మానుట గాని సరికాదు. వైద్యులు జ్వరపు తీరును, ఇతర పరీక్షలను కలిపి చూచుటకు కారణమిదే.

ముసుగు అను మాట పైన వచ్చినది. టైఫాయిడు సూక్ష్మజీవి తనపై కప్పుకొను ఈ ముసుగునకు 'వి.ఐ.' ప్రతిజనకము అని పేరు. 1934లో ఫీలిక్స్, పిట్ అనువారు దీనిని కనుగొనిరి. ఇది ఒకే విధమైన చక్కెర పూసలను గుచ్చిన పొడవైన గొలుసు. దీనిని పట్టుకొను ప్రతిరక్షకములు ఉన్నచో వ్యాధి రాకుండుటకు తోడ్పడును. అందుచే శాస్త్రజ్ఞులు ముసుగును మాత్రము వేరుచేసి, శుద్ధిపరచి, టీకాగా ఇచ్చిరి. పెద్దవారిలోను, పెద్ద పిల్లలలోను అది ఒక మోస్తరుగా పనిచేసినది. కలకత్తా మురికివాడలలో జరిగి, 2009లో ఫలితములు ప్రకటింపబడిన ఒక పరీక్షలో అది నూటికి 61 వంతుల రక్షణ ఇచ్చెను. కాని రెండేండ్లలోపు శిశువులకు ఈ టీకా పనికిరాలేదు. పెద్దలలో సైతము మూడేండ్లకొకమారు మరల వేయవలసివచ్చినది.

కారణము మనము చూచిన ఏర్పాటులోనే ఉన్నది. ఎం.హెచ్.సి. పళ్లెములో మాంసకృత్తు ముక్క చక్కగా ఇముడును. ఈ చక్కెర గొలుసు ఇమడదు. వి.ఐ. గొలుసును పట్టుకొన్న బి-కణము దానిని మ్రింగినను టి-కణమునకు చూపుటకు ఏమియు లేదు. సాక్షి రాడు. అయితే పెద్దవారిలో ఆ మాత్రపు ఫలితమైనను ఎట్లు కలిగినది? గొలుసులో ఒకే పూస మరల మరల వచ్చుటచే అది ఒకేసారి అనేక గ్రాహకములను పట్టి బలముగా లాగును. ప్లీహపు అంచులలో నివసించు ఒక తెగ బి-కణములు ఇట్టి బలమైన లాగుడుకు సాక్షి లేకయే లేచును. అవి విడుచునవి ఎక్కువగా ఐ.జి.ఎం. జాతివి. అంకుర కేంద్రము సరిగా ఏర్పడదు, జ్ఞాపకము నిలువదు. రెండేండ్లలోపు శిశువునకు ప్లీహములోని ఈ భాగము ఇంకను పరిణతి చెందదు గనుక ఆ దారియు మూసికొనిపోవును. మొదట గుర్తుంచుకొనుమన్న చక్కెరకును, మాంసకృత్తునకును గల భేదము ఇది.

మరి చక్కెరకు సాక్షిని సంపాదించుట ఎట్లు? 1929లోనే అమెరికాలో ఏవరీ, గోబెల్ అనువారు చక్కెర పదార్థమును మాంసకృత్తునకు రసాయనికముగా అతికించి కుందేళ్లకు ఇచ్చి, ఒంటిగా ఇచ్చినపుడు పుట్టని ప్రతిరక్షకములు పుట్టుట చూచిరి. టి-కణమని ఒకటి ఉన్నదని ఎవరికిని తెలియని కాలమది! ఫలితము తెలిసినది, కారణము నలుబదేండ్లకు గాని తెలియలేదు. 1980 ప్రాంతములో ష్నీర్‌సన్, రాబిన్స్ అను శాస్త్రజ్ఞులు ఈ ఉపాయమునే శిశువులకు మెదడుపొరల వాపు కలిగించు 'హిబ్' సూక్ష్మజీవిపై ప్రయోగించిరి. 1987లో అట్టి టీకాకు అమెరికాలో అనుమతి లభించెను. నేడు మన గ్రామములలో శిశువులకు ఆరు, పది, పదునాలుగు వారముల వయసులో వేయు పెంటావాలెంట్ టీకాలోని అయిదు భాగములలో హిబ్ ఒకటి.

టైఫాయిడు విషయములో ఈ పనిని హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ నెరవేర్చినది. వి.ఐ. గొలుసును ధనుర్వాత టాక్సాయిడుకు అతికించి వారు తయారుచేసిన 'టైప్‌బార్ టి.సి.వి.' అను టీకాకు 2013లో మనదేశమున అనుమతి లభించెను. ఆరు నెలల శిశువు మొదలు దీనిని ఒక్క మోతాదుగా వేయవచ్చును. మోతాదులోని వి.ఐ. చక్కెర 25 మైక్రోగ్రాములు మాత్రమే. టాక్సాయిడు అనగా విషగుణమును పోగొట్టిన ధనుర్వాత విషము. మాంసకృత్తు గావున దాని ముక్కలు పళ్లెములో ఇముడును.

లోపల జరుగునది చూడుడు. వి.ఐ. గొలుసును పట్టు గ్రాహకము గల బి-కణము గొలుసును పట్టి లాగును. అతికియున్న టాక్సాయిడు కూడ వెంట లోపలికి పోవును. బి-కణము టాక్సాయిడును నరికి ముక్కలను ప్రదర్శించును. టాక్సాయిడును ఎరిగిన టి-కణము వచ్చి ఆ ముక్కను చూచి సంతకము చేయును. ఈ టి-కణమునకు టైఫాయిడు గూర్చి ఏమియు తెలియదు! అయినను అది లేపినది వి.ఐ. గొలుసును పట్టు బి-కణమును గావున, పుట్టు ప్రతిరక్షకములు టైఫాయిడు ముసుగును పట్టునవే. అంకుర కేంద్రము ఏర్పడును, ఐ.జి.జి. పుట్టును, జ్ఞాపక కణములు మిగులును. చక్కెరను, టాక్సాయిడును ఒకే సీసాలో ఊరక కలిపినచో ఈ ఫలము రాదు. రెండును అతికియుండి, ఒకే బి-కణము నోటిలో పడవలెను. వ్యవహారమంతయు ఆ అతుకులో ఉన్నది.

ప్రయోగశాలలో తోచినది ఊళ్లలో నిజము కావలెను గదా. ఆక్స్‌ఫర్డులో కొందరు వయోజనులు స్వచ్ఛందముగా సజీవ టైఫాయిడు సూక్ష్మజీవులను త్రాగి పరీక్షకు నిలిచిరి. 2017లో ప్రకటించిన ఫలితముల ప్రకారము వి.ఐ. లేని వేరొక టీకా పొందినవారిలో నూటికి 77 మంది, క్రొత్త టీకా పొందినవారిలో నూటికి 35 మంది వ్యాధికి లోనైరి. ముసుగు మాత్రమే గల పాత టీకా పొందినవారిలో ఈ సంఖ్య 37. అనగా పెద్దలలో రెండు టీకాల నడుమ చెప్పుకోదగిన భేదము కనబడలేదు. దీనిని చూచి క్రొత్తదానిలో విశేషమేమున్నదని తలచుట పొరపాటు. పెద్దవారి ప్లీహమునకు సాక్షి లేని దారి తెరచియే ఉన్నది. క్రొత్త టీకా గొప్ప శిశువుల విషయములోను, జ్ఞాపకము విషయములోను తెలియవలెను. అదే సంవత్సరాంతమున ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి పూర్వార్హత గుర్తింపు ఇచ్చెను. నేపాలులోని లలిత్‌పూర్‌లో తొమ్మిది నెలలు మొదలు పదునారేండ్లలోపు గల సుమారు ఇరువది వేల పిల్లలపై జరిగిన పరీక్షలో, 2019లో ప్రకటించిన తొలి లెక్క ప్రకారము, టీకా నూటికి 81.6 వంతుల రక్షణ ఇచ్చినది. బంగ్లాదేశ్‌లోని ఢాకాలోను, ఆఫ్రికాలోని మలావీలోను దాదాపు ఇట్టి ఫలితములే వచ్చినవి. మందులకు లొంగని టైఫాయిడు 2016 నుండి సింధు ప్రాంతములో ప్రబలుటచే, పాకిస్థాన్ 2019 నవంబరులో ఈ టీకాను అన్ని దేశములకంటె ముందుగా శిశువుల నిత్య టీకాలలో చేర్చుకొన్నది.

జ్ఞాపకము ఎంతకాలము నిలుచును అను ప్రశ్నకు సమాధానములు ఇప్పుడిప్పుడే వచ్చుచున్నవి. మలావీలో నాలుగేండ్లు గడచిన పిమ్మటను రక్షణ నూటికి 78 వంతులుగా ఉన్నది. బంగ్లాదేశ్‌లో మూడేండ్ల తరువాత అది తగ్గుముఖము పట్టినట్లు కనబడినది. మజ్జలో చేరిన ప్లాస్మా కణములు ఎన్ని, అవి ఎంతకాలము బ్రదుకును అనుదానిపై ఇది ఆధారపడును. మరియొక మోతాదు అవసరమా అను చర్చ దీనినుండియే పుట్టినది.

మనూర్ బాలుని చెల్లెలికి ఈ టీకా వేయించిరనుకొందము. కొన్ని నెలల తరువాత ఆమెకు జ్వరము వచ్చి వైడల్ పరీక్ష చేసినచో, టీకా వలన అది తప్పుగా తేలునా అని తండ్రికి సందేహము కలుగవచ్చును. వైడల్ పరీక్ష వెదకునది ఓ, హెచ్ అను గుర్తులకు పుట్టిన ప్రతిరక్షకములను. టీకాలో ఉన్నది ముసుగు మాత్రమే. సూక్ష్మజీవి తోకయు లేదు, దాని వెలుపలి పొరయు లేదు. ఆమెలో మేల్కొన్న బి-కణములు వి.ఐ. గొలుసును పట్టునవి, టాక్సాయిడును పట్టునవి మాత్రమే. ఓ, హెచ్ గుర్తులను పట్టు బి-కణములు, సూక్ష్మజీవియే స్వయముగా రానంతవరకు, ఆమె లింఫు గ్రంథులలో నిద్రించుచునే ఉండును.